పరిశోధకుడైన విద్యార్థి: చంద్రశేఖర వెంకటరామన్

శాస్త్రము చదువు విద్యార్థులలో అనేకులకు ఒక సందేహము కలుగుచుండును. పట్టము పుచ్చుకొనుటకును పరిశోధకుడగుటకును నడుమ ఏ మార్గమున్నది? ఆ మార్గము ఎచట మొదలగును? పై పట్టము చేతికి వచ్చిన పిమ్మటనా, గొప్ప ప్రయోగశాలలో స్థానము దొరకిన పిమ్మటనా? ఈ ప్రశ్నకు సర్ చంద్రశేఖర వెంకటరామన్ జీవితములోని మొదటి ముప్పది సంవత్సరములు మంచి సమాధానమిచ్చును. ఆయనకు 1930లో నోబెల్ బహుమానము వచ్చిన సంగతి పాఠశాల బాలబాలికలందరును ఎరుగుదురు. అంతకు ఇరువదినాలుగు సంవత్సరములకు పూర్వము కళాశాల విద్యార్థిగ నున్నపుడు ఆయన ప్రయోగశాల బల్లపై ఏమి చూచెనో, చూచినదానిని ఏమి చేసెనో ఎరిగినవారు మాత్రము కొలదిమందియే.

రామన్ 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించెను. తండ్రి చంద్రశేఖరయ్యరు, తల్లి పార్వతీ అమ్మాళ్. తండ్రిది ఉపాధ్యాయవృత్తి. 1892లో ఆయనకు విశాఖపట్టణములోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రములను బోధించు ఉద్యోగము లభించుటచే కుటుంబము విశాఖకు తరలివచ్చెను. అప్పటికి రామన్‌కు నాలుగేండ్లు నిండియు నిండలేదు. కావున అతని బాల్యవిద్య విశాఖలోనే సాగెను. 11 ఏండ్ల ప్రాయమున మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గి, 13 ఏండ్ల ప్రాయమున తండ్రి బోధించుచున్న కళాశాలలోనే ఎఫ్.ఏ. ముగించి విద్యార్థివేతనము సంపాదించెను. శరీరము దుర్బలము, బుద్ధి మాత్రము చురుకైనది. ఇంట తండ్రి వాయించు వయొలిను నాదమును, ఆయన బీరువాలోని గ్రంథములును ఆ బాలునికి తొలి స్నేహితులయ్యెను.

ఆ దినములలో తన మనస్సును తీర్చిదిద్దిన గ్రంథములు మూడని రామన్ పెద్దవాడైన పిమ్మట చెప్పెను. మొదటిది ఎడ్విన్ ఆర్నాల్డు ఆంగ్లమున రచించిన బుద్ధచరిత్ర. రెండవది యూక్లిడ్ రేఖాగణితము. మూడవది జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ధ్వనిని, సంగీతమును గూర్చి వ్రాసిన మహాగ్రంథము. మొదటి దానినుండి త్యాగము యొక్క విలువను, రెండవ దానినుండి తర్కములోని సౌందర్యమును, మూడవ దానినుండి పరిశోధన యనగా నెట్టిదో దానిని తాను గ్రహించినట్లు ఆయన తలంచెను. ఈ మూడింటిలో ఒక్కటియైనను పరీక్షకొరకు చదివిన పుస్తకమువలె చదువబడలేదు. రేఖాగణితము పాఠ్యగ్రంథమే యైనను, మార్కులు తెచ్చిపెట్టు మేరకు చదివి విడిచిపెట్టక అతడు దానిని ప్రేమించి చదివెను.

1903లో రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. తరగతిలో చేరెను. ఆంగ్లాచార్యుడు ఇలియట్ తరగతిలో కూర్చున్న ఈ చిన్నవానిని చూచి, దారితప్పి వచ్చిన పాఠశాల బాలుడేమోయని సందేహించి ప్రశ్నించెనట. 1904లో ఆ చిన్నవాడే బి.ఏ. పరీక్షలో విశ్వవిద్యాలయమునకు ప్రథముడుగ నిలిచి, భౌతికశాస్త్రములో స్వర్ణపతకము పొందెను. అట్టి విద్యార్థిని పై చదువులకు ఇంగ్లండు పంపుట ఆనాటి ఆచారము. ఉపాధ్యాయులును అట్లే సలహా యొసగిరి. కాని మద్రాసులోని ప్రభుత్వ వైద్యుడు అతని దేహమును పరీక్షించి, ఆ చలిదేశమున ఇతడు బ్రతుకజాలడని నిర్ణయించెను. రామన్ మద్రాసులోనే ఎం.ఏ. చదువునకు నిలిచిపోయెను.

భౌతికశాస్త్రాచార్యుడు జోన్సు ఈ విద్యార్థి శక్తిని గుర్తించి, తరగతి నిర్బంధములతో బాధింపక, ప్రయోగశాలలో అతనిని స్వేచ్ఛగా విడిచిపెట్టెను. ఆ కళాశాల ఆనాడు పరిశోధనకు పేరొందినది కాదు. అచటి పరికరములు విద్యార్థుల అభ్యాసముకొరకు కొన్నవి. రామన్ చేతికి దొరకినవి అవియే.

స్పెక్ట్రామీటరు బల్లపై పట్టకమునుంచి దాని కోణమును కొలుచుట నేటి కళాశాల విద్యార్థులు సైతము చేయు సామాన్య ప్రయోగము. సన్నని చీలికనుండి వచ్చు కాంతి పట్టకపు ముఖముపై పడి పరావర్తనము చెందును. దానిని దూరదర్శినిలో చూచి కోణమును లెక్కింతురు. రామన్ ఈ ప్రయోగము చేయుచు, పట్టకపు ముఖముపై కాంతి మిక్కిలి ఏటవాలుగ పడునట్లు త్రిప్పినపుడు, చీలిక బింబమునకు ఇరుప్రక్కల వెలుగుచీకట్ల చారలు కానవచ్చెను. చారలు వచ్చుట వింత కాదు. దీర్ఘచతురస్రాకారపు రంధ్రముగుండ కాంతి పోవునపుడు అట్టి వివర్తన చారలు ఏర్పడునని శాస్త్రగ్రంథములు అంతకుముందే చెప్పెను. ఇచట పట్టకపు ముఖమే అట్టి రంధ్రమువలె పనిచేసెను. అయితే గ్రంథములలోని వర్ణన ప్రకారము చారలు రెండు ప్రక్కలను సమానమైన వెడల్పుతో నుండవలెను. రామన్ చూచిన చారలు ఒక ప్రక్క వెడల్పుగను, రెండవ ప్రక్క ఇరుకుగను ఉండెను.

ఇట్టి సమయమున సాధారణ విద్యార్థి పరికరము చెడినదనుకొనును, లేదా తన కన్ను మోసపోయినదనుకొనును. కోణము విలువ సరిగ వచ్చినచో రికార్డు పుస్తకము పూర్తియగును, మార్కులును వచ్చును. చారల సంగతి ప్రశ్నపత్రములో లేదు. రామన్ ఆ చారలను విడిచిపెట్టలేదు.

దీని కారణము మిక్కిలి గహనమైనది కాదు. ముఖమునకు లంబముగ గీచిన రేఖనుండి కోణమును కొలుతురు. నడిమి బింబమునుండి ఒక్కొక్క నల్లని చార ఎంత దూరమున నుండవలెనో నిర్ణయించునది ఆ కోణము కాదు, దాని సైను విలువ. ఒక చారనుండి మరియొక చారకు సైను విలువ సమానముగ మారుచుండును. కాంతి లంబరేఖకు చేరువగ నున్నపుడు కోణమును సైనును ఇంచుమించు కలిసి పెరుగును గనుక చారలు సమానముగ కనబడును. కాని కోణము 90 డిగ్రీలను సమీపించు కొలది సైను పెరుగుదల మందగించును. 75 డిగ్రీల సైను 0.966, 80 డిగ్రీల సైను 0.985, 85 డిగ్రీల సైను 0.996. అనగా 75నుండి 80కి వచ్చునపుడు సైను 0.019 పెరుగగా, 80నుండి 85కు పోవునపుడు 0.011 మాత్రమే పెరుగును. కావున సైను ఒకే మేరకు మారుటకు పట్టకపు ముఖమువైపున కోణము ఎక్కువగ మారవలెను. ఆ వైపు చారలు వెడల్పగును. గణితపట్టిక చేతనున్న ఉన్నతపాఠశాల విద్యార్థి యెవరైనను దీనిని సరిచూచుకొనవచ్చును. కారణము ఇంత సులభమైనను, ఆ బల్లముందు నిలిచి దానిని అడిగినవాడు రామన్ ఒక్కడే.

రామన్ కొలతలు తీసికొని, సిద్ధాంతముతో పోల్చి, ఒక వ్యాసము వ్రాసి జోన్సుగారి చేతికిచ్చెను. కొన్ని మాసములు గడచినను దానిపై ఆయన అభిప్రాయము రాకపోగా, లండనులో వెలువడు ఫిలసాఫికల్ మాగజైన్ అను సుప్రసిద్ధ పత్రికకు తానే దానిని పంపెను. 1906 నవంబరులో ఆ వ్యాసము ప్రకటింపబడెను. ఆ మాసముననే రామన్‌కు 18 ఏండ్లు నిండెను. వ్యాసము క్రింద ఒక విద్యార్థి పేరు, ఒక కళాశాల పేరు తప్ప మరేమియు లేదు. పిమ్మట ద్రవముల తలతన్యతను కొలుచు ఒక పద్ధతిని గూర్చి మరియొక వ్యాసమును అదే పత్రికలో వచ్చెను. ఇంగ్లండులో భౌతికశాస్త్రజ్ఞులకు అగ్రగణ్యుడైన లార్డ్ రేలీతో రామన్ ఉత్తరప్రత్యుత్తరములు జరుపగా, ఆ మహనీయుడు ఇతడు విద్యార్థియని యెరుగక ప్రొఫెసరని సంబోధించెను.

1907లో రామన్ ఎం.ఏ. పరీక్షలోను ప్రథముడుగ నెగ్గెను. అయితే తరువాత ఏమి? నేటి విద్యార్థికి ఈ ప్రశ్న ఎంత కష్టమైనదో ఆనాడు అంతకంటె కష్టమైనది. పరిశోధకునికి జీతమిచ్చు సంస్థలు దేశములో లేవన్నంత అరుదు. కళాశాలలలో పెద్ద పదవులు ఇంగ్లండునుండి వచ్చినవారికే దక్కుచుండెను. ఇంగ్లండు పోవు దారిని వైద్యుడు మూసివేసెను. సివిలు సర్వీసు పరీక్షకును ఇంగ్లండే పోవలసియుండెను. తెలివిగల పట్టభద్రునికి మిగిలినది ప్రభుత్వ ఆర్థికశాఖ. రామన్ అన్నగారు అప్పటికే ఆ శాఖలో నుండెను. రామన్ ఆ పరీక్షకు కూర్చుండి, అందులోను మొదటి స్థానము పొందెను. ఆ యేడే లోకసుందరీ అమ్మాళ్‌ను వివాహమాడి, కలకత్తాలో సహాయ అకౌంటెంటు జనరలుగ ఉద్యోగమున ప్రవేశించెను. పద్దెనిమిదేండ్ల యువకునికి అంతటి ఉద్యోగము వచ్చుట ఆ కుటుంబమునకు గొప్ప పండుగయే. శాస్త్రమునకు మాత్రము అది నష్టమగునట్లు తోచెను.

కలకత్తా బౌబజారు వీథి 210వ నంబరు భవనముపై భారతీయ విజ్ఞానసంవర్ధక సంఘమను పేరుగల పలక యొకటి యుండెను. డాక్టరు మహేంద్రలాల్ సర్కార్ అను వైద్యుడు భారతీయులు తమంతట తామే శాస్త్రపరిశోధన సలుపవలెనను ఆశతో 1876లో చందాలు పోగుచేసి ఆ సంస్థను స్థాపించెను. భవనము లేచెను, ఉపన్యాసములు జరిగెను, పరికరములు చేరెను. కాని జీవితము ధారపోయు పరిశోధకుడు రాలేదు. ఆ కొరతతోనే సర్కార్ 1904లో కన్నుమూసెను. 1907లో ఒకనాడు ట్రాములో పోవుచు రామన్ ఆ పలకను చూచెను. పోయి తలుపు తట్టగా ఆశుతోష్ దే అను ఉద్యోగి తలుపు తీసెను. మహేంద్రలాల్ కుమారుడు అమృతలాల్ అప్పుడు సంఘమునకు కార్యదర్శి. ప్రయోగశాలను వాడుకొనుటకు అనుమతి కోరవచ్చిన యువకుని ఆయన పరమానందముతో ఆహ్వానించెను. తండ్రి ముప్పదియేండ్లు ఎదురుచూచిన మనిషి ఇతడేయని ఆయనకు తోచియుండవచ్చును.

ఆనాటినుండి రామన్ దినచర్య కఠినమైనది. వేకువ 5.30 గంటలకు ప్రయోగశాలకు పోవును. 9.45 గంటలకు ఇంటికి వచ్చి, స్నానముచేసి, నాలుగు మెతుకులు తిని, పరుగున కచేరీకి పోవును. సాయంకాలము 5 గంటలకు కచేరీనుండి తిన్నగ మరల ప్రయోగశాలకే. ఇల్లు చేరునప్పటికి రాత్రి పది కావచ్చును. ఆదివారములు పూర్తిగ ప్రయోగశాలవే. తీగలు కంపించు విధము, వయొలిను, వీణ, మృదంగముల నాదము ఆ కాలములో ఆయన పరిశోధించిన విషయములు. వీని కన్నిటికి ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఆశుతోష్ దే ఆయనకు కుడిభుజమయ్యెను. విశ్వవిద్యాలయము గడపయైన తొక్కని ఆ సహాయకుని పేరనే ఒక పరిశోధన వ్యాసము లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడునట్లు రామన్ చేసెను.

నడుమ 1909లో రంగూనునకు, పిమ్మట నాగపూరునకు బదిలీలు వచ్చెను. అచట ఇంటిగదియే ప్రయోగశాల యయ్యెను. 1910లో తండ్రి మరణించినపుడు సెలవుపై మద్రాసు వచ్చి, తాను చదివిన ప్రెసిడెన్సీ కళాశాల ప్రయోగశాలలోనే ఆ సెలవుకాలమున పనిచేసెను. 1911లో మరల కలకత్తా చేరెను. లెక్కలకచేరీలో ఆయన పనియందు లోపము చూపగలిగినవారు లేరు; పై అధికారులు ఆయనను ఉత్తమ ఉద్యోగిగనే యెంచిరి. ఇట్లు పదియేండ్లు గడచెను.

కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు సర్ ఆశుతోష్ ముఖర్జీ ఈ లెక్కల అధికారిని కనిపెట్టియుండెను. న్యాయవాది తారకనాథ్ పాలిత్ ఇచ్చిన విరాళముతో ఏర్పడిన భౌతికశాస్త్రాచార్య పదవిని ఆయన రామన్‌కు ఇవ్వజూపెను. విదేశములలో శిక్షణ పొందవలెనను నిబంధన అడ్డురాగా రామన్ అందుకు సమ్మతింపలేదు. ముఖర్జీయే ఆ అడ్డు తొలగించెను. 1917లో రామన్ ప్రభుత్వోద్యోగమునకు రాజీనామా యిచ్చి ఆచార్యుడయ్యెను. జీతము దాదాపు సగమునకు తగ్గెను. సంసారియైన మనుష్యునికి అది చిన్న త్యాగము కాదు. ఆ నాడాయన వయస్సు 28 ఏండ్లు. విద్యార్థిగ మొదలైన పరిశోధన అతని జీవనవృత్తి యగుటకు పదునొక సంవత్సరములు పట్టెను.

తరువాతి కథ అందరు నెరిగినదే. 1921లో ఆక్స్‌ఫర్డు సభకు పోయి ఓడలో మరలివచ్చుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచెను. ఆ నీలిమ ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ వ్రాసియుండెను. రామన్ జేబులోని నికోల్ పట్టకముతో ప్రతిబింబమును తొలగించి చూచినను నీలిమ పోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని ఆయన గ్రహించెను. ఆ మార్గముననే శిష్యులతో ఏడేండ్లు నడచి, 1928 ఫిబ్రవరి 28వ తేదీన, కె.ఎస్. కృష్ణన్ తోడ్పాటుతో, చెదరిన కాంతిలో కొంత రంగు మారుచున్నదని కనుగొనెను. అదియే రామన్ ఫలితము. ఆ దినమును 1987నుండి మన దేశము జాతీయ విజ్ఞానదినముగ పాటించుచున్నది. పదునెనిమిదవ యేట పట్టకపు చారలను చూచిన చూపును, సముద్రమును చూచిన చూపును ఒక్కటియే. గ్రంథమున నున్నది ఎంత పెద్దవారు వ్రాసినను, కంటికి కనబడినది వేరైనపుడు కారణము అడుగకుండ ఆయన ఊరకుండలేదు.

ఈ కీర్తి తెలుగు యువకులను సైతము ఆకర్షించెను. కృష్ణాజిల్లావాడైన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రుడై, 1928లో కలకత్తా చేరి రామన్ శిష్యుడయ్యెను. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించి, 1957లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరు కూడ అయ్యెను. రామన్ తెరచిన తలుపుగుండ అనేకులు ఇట్లు నడచిరి.

అయితే మహనీయుల జీవితమును చెప్పునపుడు వారి లోపమును దాచుట విద్యార్థులకు మేలు చేయదు. 1933లో రామన్ బెంగుళూరు సంస్థకు డైరెక్టరయ్యెను. ఆ యేడే బొంబాయి విశ్వవిద్యాలయ పట్టపరీక్షలో ప్రథమురాలుగ నిలిచిన కమలా భాగవత్ అను యువతి అచట పరిశోధనకు దరఖాస్తు పెట్టగా, స్త్రీ యను కారణముచే రామన్ నిరాకరించెను. ఆమె వెనుదిరుగలేదు, స్వయముగ పోయి పట్టుపట్టెను. తుదకు ఆయన ఒక సంవత్సరము పరీక్షార్థముగ, షరతులు విధించి చేర్చుకొనెను. ఆమె పనిని చూచిన పిమ్మట ఆ షరతులను తొలగించి, తరువాత ఇతర స్త్రీలకును ప్రవేశమిచ్చెను. ఆమెయే కమలా సోహోనీ. 1939లో ఆమె కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందెను. ఒకప్పుడు బౌబజారు వీథిలో ఏ ప్రశ్నయు లేక తలుపు తీయబడిన మనిషి, తన తలుపు తట్టిన విద్యార్థినిని మొదట వెనుకకు పంపెను. మేధావియైనంత మాత్రమున మనుష్యునికి న్యాయదృష్టి తనంతట కలుగదు.

రామన్ 1948లో బెంగుళూరులో తన పేరనే ఒక పరిశోధనాలయము స్థాపించి, 1954లో భారతరత్న బిరుదము పొంది, 1970 నవంబరు 21వ తేదీన పరమపదించెను. చివరి దినములవరకు రంగులు, పూవులు, స్ఫటికములు, వజ్రములు ఆయనకు ప్రశ్నలుగనే యుండెను.

ఈ జీవితమునుండి విద్యార్థి గ్రహింపదగినది ఒకటి. పరిశోధన పట్టము వెనుక వచ్చు పదవి కాదు; అభ్యాసబల్లపై కనబడిన ఒక చిన్న భేదమును పట్టుకొని, కొలిచి, కారణము కనుగొని, నలుగురికి తెలియునట్లు వ్రాయుటతోనే అది మొదలగును. పదవి రావచ్చును, ఆలస్యముగ రావచ్చును. రామన్‌కు సైతము ఆలస్యముగనే వచ్చెను. ఉపాధ్యాయులు గ్రహింపదగినది మరియొకటి. రామన్ శక్తి రామన్‌దే యైనను, పుస్తకముల బీరువా తెరచిన తండ్రి, ప్రయోగశాలలో స్వేచ్ఛ నిచ్చిన జోన్సు, తలుపు తీసిన సర్కార్ కుటుంబము, నిబంధన సడలించిన ముఖర్జీ లేనిచో ఆ శక్తి లెక్కలకచేరీ దస్తావేజులలోనే అడగిపోయెడిది. తరగతిలో ఒక బాలుడుగాని బాలికగాని తనకు వచ్చిన ఫలితము పుస్తకముతో సరిపోవుటలేదని చెప్పినపుడు, దానిని కొట్టివేసి సరియైన విలువ వ్రాసికొమ్మనుటకు ముందు ఆ పరికరమువద్దకు పోయి ఒక్కమారు తానును చూచుట ఉపాధ్యాయుని ధర్మము. పదింట తొమ్మిదిమారులు అది పొరపాటే కావచ్చును. ఆ పొరపాటు ఎట్లు వచ్చినదో కలిసి వెదకుటయు శాస్త్రవిద్యయే. పదవమారు వచ్చినది పొరపాటు కాకపోయినచో, దానిని కాపాడినవాడు ఆ ఉపాధ్యాయుడే యగును.